కడిగిన డ్రమ్ము

మొన్న ఉప్పల్ బస్సులో పక్క సీటు అమ్మాయి గోళ్ల రంగు తుడుచుకుంటోంది. ఆ అసిటోన్ వాసన తగలగానే ఉలిక్కిపడి సీట్లోంచి లేచాను. ఏమైందాంటీ అని పాపం కంగారుపడింది. నర్సింహ గారని ఒకాయన ఉండేవారని బస్సులో ఏం చెప్పను?

రాష్ట్రం విడిపోక ముందు మాట. కాకినాడలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. ల్యాబ్ ఇన్‌చార్జి నర్సింహ గారు జనగామ వైపు మనిషి, హెల్పరుగా చేరి అక్కడిదాకా వచ్చినవారు. నాకేమో చదువుకున్న పొగరు. అణువును చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకీ ముందే తేల్చిన విలువలు వేస్తే, రెండు ద్రవాలు కలిసినప్పుడు ఎంత వేడెక్కుతాయో, ఎక్కడ మరుగుతాయో కంప్యూటరే చెబుతుందని ఆయనకి పాఠం చెప్పాను. "మస్తుగుందమ్మా. జర నాక్గూడ నేర్పు" అన్నారు. నేర్చుకున్నారు కూడా, మధ్యాహ్నాలు భోజనం మానుకుని.

ఒకరోజు వాడేసిన అసిటోన్, క్లోరోఫాం బయటికి పంపాలి. ఖాళీ డ్రమ్ము ఒక్కటే ఉంది. లెక్క వేశాను. కాస్త వెచ్చబడతాయి, అంతే. కలపొచ్చని రాసి సంతకం పెట్టాను. ఏ కాగితం వచ్చినా డ్రమ్ము దగ్గరికెళ్లి చూడటం నర్సింహ గారి అలవాటు. ఆరోజూ వెళ్లి, దాని అడుగున మిగిలిన కడుగునీళ్లు కొంచెం తెచ్చి, పొగలు లాగేసే గాజు తలుపు అరలో, పరీక్షనాళికలో ఆ రెండింటితో కలిపారు. నా లెక్క మీద నమ్మకం లేదా సార్ అని నవ్వాను. నిమిషం గడిచినా ఏమీ కాలేదు. చూశారా అనబోతుండగా నాళిక ఠప్పున పేలింది. తలుపు దించుతున్న ఆయన అరచేతిలో గాజు పెంకు దిగబడింది.

"నీ లెక్క తప్పు గాదమ్మా," అన్నారు చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "ఈడ డ్రమ్ములు కాస్టిక్ సోడాతోని కడుగుతరు. గది నువ్వు లెక్కకు జెప్పలే."

ఆ రెండింటికీ సోడా తగిలితే అది కలయిక కాదు, రసాయన చర్య. నా గుంపుల లెక్కకు ఆ సంగతి తెలియదు. నేనూ అడగలేదు. చెంచాడుకే ఇలా అయితే రెండువందల లీటర్లకు?

"నడువు, నువ్వే ఆపు," అని నన్ను కిందికి తీసుకెళ్లారు. డ్రమ్ము పక్కన ఒకావిడ అందులోకి పోసే గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిది నెలలుగా రోజూ ఆమె పక్కనుంచే నడిచాను.

"నేనే కడిగిన మేడం," అంది సంబరంగా. "సోడా మస్తుగేసిన. పొయ్యమంటరా?"

వద్దని తల అడ్డంగా ఊపాను.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరు లెక్క తెచ్చినా, సంతకానికి ముందు కిందికి దిగి, గొట్టం పట్టుకునేది ఎవరో కనుక్కుని, వాళ్లతో మాట్లాడి వస్తాను. ఆమె పేరు సత్తెమ్మ. ఆరోజే అడిగాను.