అంచు మీద మా అన్న చెయ్యి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. నా కోపతాపాలన్నీ బతికున్న మనుషులతోనే, వాటికే నాకు పొద్దు చాలదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మాది గద్వాల. చేనేత కుటుంబం. మా అన్న శేఖర్ రాక్ పాటలు పాడేవాడు. రెండువేల సంవత్సరం దాటాక ఓ నాలుగైదేళ్లు అతని పేరు తెలియని కాలేజీ పిల్లలు లేరు. బెంగళూరులో బ్యాండు, భుజాల దాకా జుట్టు, మెడలో గిటారు. ఊరు వదిలి వెళ్లేటప్పుడు బట్టలు నేసేవాడికి గిటారెందుకని నవ్వినవాళ్లే, తర్వాత అతని పాటను సెల్‌ఫోన్ రింగుగా పెట్టుకుని బజార్లో తిరిగారు.

నిజం చెప్పాలంటే అతని పాటల్లో సగం నాకు నచ్చవు. గొంతు తియ్యగా ఉండదు. ప్రేమ పాటలు పాడితే అబద్ధం చెబుతున్నట్టు ఉండేది. కోపంగా పాడినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించేది. ఆ కోపం నాకు కొత్త కాదు, మా ఇంట్లో అందరికీ ఉన్నదే.

అతనికి పేరు తెచ్చిన పాటలో డ్రమ్ము మూడు దెబ్బలు కొట్టి ఒక్క క్షణం ఆగుతుంది. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ ఆగుతుంది. ఆ ఆగడంలోనే పాట ప్రాణమంతా ఉందని పేపర్లు రాశాయి. ఎక్కడ నేర్చుకున్నావని విలేకరి అడిగితే, ఏదో విదేశీ రికార్డులో విన్నానని చెప్పాడు మా అన్న.

ఆ పేపరు చించి పొయ్యిలో పెట్టాను. అది మా మగ్గం చప్పుడు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కాళ్లతో తొక్కుతూ నడుమ నేస్తే, పక్కన కూర్చున్న మనిషి పోగును నడిపే నాడెను అంచులో వేసి, పట్టుపోగును నూలుపోగుతో మెలిపెట్టాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. నడుమ పోగును మూడు దెబ్బలతో బిగించి, తర్వాతి మెలిక పడేదాకా గుంటలోని మనిషి చెయ్యి ఆగుతుంది. ఎన్నో ఏళ్లు గుంటలో నేను, పక్కన మా అన్న. నేను ఆగిన ఆ క్షణాన్నే పాట చేసుకుని, ఎవరి దగ్గరో నేర్చుకున్నానని చెప్పాడు. నాకు మండదా?

మా అన్నది ఎడమచేతి వాటం. అందరూ కింద నుంచి వేసే మెలికను అతను పైనుంచి వేసేవాడు. చీర తిరగేసి వేలితో తడిమితే, ఎడమ అంచు వెంట సన్నటి గరుకు గీత తగిలేది. అది నేతలో తప్పు కిందే లెక్క. అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ చెయ్యి మారలేదు.

ఆ పేపరు వచ్చిన కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

“చెల్లె, నాల్రోజులు ఇంటికొస్త. జర మగ్గం మీద కూసుంట. పాటొస్తలేదే.”

“పేపరోళ్లకు చెప్పనీకె సిగ్గైన మగ్గం, కూసోనీకె గావాల్నా? రాకు,” అని పెట్టేశాను.

మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు. మూడు వారాలకు బెంగళూరులో అతని బండిని లారీ గుద్దింది.

ఆ సమయానికి అమ్మ ఆత్మకూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంది. అన్న వెళ్లాక అంచు నేసేది అమ్మే కాబట్టి, ఆమె ఊరెళ్లిన రోజు నుంచి మగ్గం ఆపేశాను. పని ఆపినప్పుడల్లా నేసినంత వరకు అంచు మీద పసుపు బొట్టు పెట్టడం మా అలవాటు. బొట్టు పెట్టి, మగ్గం మీద పాత చీర కప్పాను. అన్న పోయాడని ఫోన్ రాగానే ఇంటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని బయలుదేరాను. రెండో తాళంచెవి మా ఇంట్లో లేదు. మోకాళ్లు పట్టేసిన అమ్మకు అంత ప్రయాణం పడదని పెద్దమ్మ ఆమెను పంపలేదు.

బెంగళూరు చూడటం నాకదే మొదటిసారి. దవాఖాన ముందు వందల మంది అభిమానులు. కాపలావాడు కన్నడంలో ఏదో కసిరి నన్ను వాళ్లలోకే నెట్టాడు. చెల్లెల్ని అని చెబితే, బ్యాండులో ఒకతను నన్ను ఎగాదిగా చూసి, శేఖర్‌కు చెల్లెలుందా అని పక్కవాడిని అడిగాడు. ఆ పగలంతా గుమ్మంలోనే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. అంత్యక్రియలు కూడా బ్యాండువాళ్లే అక్కడే చేశారు.

మూడో రోజు మధ్యాహ్నం ఇల్లు చేరాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఎలుకలు పట్టు కొరికాయేమోనని ముందు మగ్గం దగ్గరికి వెళ్లాను. కప్పిన చీర మడత కూడా చెదరలేదు. తీసి చూశాను.

పసుపు బొట్టు దాటి జానెడు నేత ఉంది.

నేను నిండుగా పెట్టి వెళ్లిన పట్టుపోగు చుట్టిన కండె ఒకటి ఖాళీ అయింది. బట్ట కింద చెయ్యి పెట్టి ఎడమ అంచు తడిమాను. బొట్టు దాకా నున్నగా ఉంది. బొట్టు దాటాక గరుకు గీత తగిలింది. నా చెయ్యి నాకే అబద్ధం చెబుతోందనుకుని, పక్కింటి ఈరన్న మామను పిలిచాను. ఆయన నలభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి.

మామ వంగి చాలాసేపు చూశాడు. వేలు పెట్టి ముందుకూ వెనక్కూ తడిమాడు.

“గీ అంచు మీ అన్నదే. గిట్ల వాడు తప్ప ఇంకోడు ఎయ్యడు,” అన్నాడు. తర్వాత నడుమ నూలు మీద అరచెయ్యి ఆనించి, నేత బిగువు చూసి నా వైపు తిరిగాడు. “మరి నడుమ దెబ్బ నీదే గదనే. ఎప్పుడు నేస్తివి?”

నేను ఊళ్లోనే లేనని అరిచాను. పెద్దాయన మీద అట్లా అరవకూడదు, అరిచాను. మామ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అమ్మ వచ్చింది. చెబితే, కూర్చుని ఆ గీత మీద బొటనవేలు రాసింది. “వాడొచ్చి పోయిండు,” అంది. అంతే. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమెకు అదే చాలింది. నాకు చాలలేదు.

పదకొండో రోజు దాటాక ఊళ్లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీలో మా అన్న ముఖం కంటే నాయకుల ముఖాలే పెద్దగా ఉన్నాయి. గిటారు చూసి నవ్వినవాళ్లు మైకు పట్టుకుని, గద్వాల బిడ్డ అని గొంతు వణికించారు. వాళ్లలో ఒక్కడికీ అతని పాట ఒక్క చరణం రాదు. ఈరన్న మామ ఎవరితో అన్నాడో, టీవీవాళ్లు కెమెరాతో మా గుమ్మంలోకి వచ్చారు. ఆ జానెడు బట్ట చూపించాలట. నేను గుంటలో కూర్చుని, ఏడుస్తూ నేయాలట. చీపురు అందుకున్నాను. మళ్లీ రాలేదు.

ఆ చీర పూర్తి చేయలేదు. కోసి పెట్టెలో పెట్టాను. విప్పి చూద్దామని ఒకసారి మెలిక దగ్గర గోరు పెట్టాను గానీ, పోగు లాగడానికి చెయ్యి రాలేదు.

ఇన్నేళ్లుగా అన్ని విధాలా ఆలోచించాను. ఊరెళ్లే ముందు నేనే నేసి మరిచిపోయానా అంటే, పక్కన అంచు వేయడానికి ఎవరూ లేరు. ఎవరైనా దూరారా అంటే, తాళం చెదరలేదు, ఏదీ పోలేదు. దొంగలు వచ్చి చీర నేసి పోరు. నా దెబ్బ అక్కడికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. కోపం మాత్రం తగ్గలేదు. నీకు చెల్లెలుందని కూడా తెలియనివాళ్ల మధ్య, ఆ దవాఖాన గుమ్మంలో నీ కోసం నేను కూర్చుని ఉంటే, నువ్వు ఇక్కడికి వచ్చావా అన్నా? నేను ఇంట్లో లేనప్పుడే వచ్చావా? రావద్దన్నాను, నిజమే. వస్తే తలుపు తీయకపోయేదాన్నా?