కొంగు దులిపే సీను

కోటమ్మ నోట ఆ పాత సినిమా కథ వినని ఆడకూలీ మా గురజాల చుట్టుపక్కల లేదు. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిందట. ముప్పై ఏళ్ళుగా మిరపకాయల గోడౌనులో నా పక్కన కూర్చుని రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరుతూ, అన్ని వేషాలూ తనే వేసి చెప్పేది. మేం అడిగి అడిగి చెప్పించుకునేది ఒక్కటే సీను. మిరపకాయలు దొంగిలించావంటూ యజమాని ఓ కూలీమనిషిని పదిమందిలో కొంగు దులపమంటాడు. ఆమె దులుపుతుంది. కొంగులోంచి లేచిన మిరప ఘాటుకు వాడికి తుమ్ములు పట్టుకుంటాయి. తుమ్ముతూ తుమ్ముతూ తన దొంగతనాలన్నీ తనే కక్కేస్తాడు. హాలంతా వాణ్ణి చూసి నవ్వేదట.

ఆ సీనంటే మాకెందుకంత ఇష్టమో వేరే చెప్పాలా? రోజూ సాయంత్రం మేమూ గేటు దగ్గర కొంగులు దులిపితేనే బయటికి వదులుతారు. ఒళ్ళు మండిపోతుంది. కోటమ్మ మాత్రం సినిమాలోలా విదిలించేది. వాచ్‌మన్ కరీముల్లా బాబాయి ముక్కు మూసుకుని పక్కకు తప్పుకునేవాడు. నవ్వుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆ నవ్వు లేకపోతే ఆ గేటు దాటడం మా వల్ల అయ్యేది కాదు.

ఇప్పుడు ఆ సినిమానే మళ్ళీ తీశారు. ఆదివారం ఆటో మాట్లాడుకుని నరసరావుపేట వెళ్ళి చూశాం. సీను అదే, కానీ ఈసారి తుమ్మేది కూలీమనిషి. తుమ్మి తుమ్మి బోర్లా పడుతుంది, చీర ఊడుతుంది. యజమాని నల్ల కళ్ళజోడు పెట్టుకుని డైలాగు కొడతాడు. హాల్లో ఒకటే ఈలలు. తీసినవాళ్ళ చేతులు పడిపోను. మిరపకాయల్లో బతికే మనిషికి ఆ పాటి ఘాటుకు తుమ్ములొస్తాయా?

కోటమ్మ ఇంటర్వెల్‌కే లేచింది.

"ఏందే రేచలూ, వీళ్ళు నవ్వేది మనల్ని చూసే," అంది నాతో.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర మా గోడౌను యజమాని అల్లుడు వెంకటసాయి ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే కోటమ్మా, కొత్త సినిమాలో లాగా దులుపు. వీడియో తీస్తా," అన్నాడు. తల్లి వయసు మనిషిని పట్టుకుని ఏమే అంటాడు, వెధవ.

ఆమె కొంగు తీసి నడుముకు బిగించింది.

"పాత సినిమాలో లాగా అయితే దులుపుతా. తుమ్మేదానికి నువ్వు రెడీనా?"

వాడి మొహం మాడిపోయింది. ఆమె దులపకుండానే బయటికి నడిచింది. నలభైమందిమి ఆమె వెనకే నడవాల్సింది. నడవలేదు. వరసలో నిలబడి, వాడి ఫోను ముందు ఒక్కొక్కరం దులిపాం.

ఇక కోటమ్మను ఆటో ఎక్కించుకోవద్దని మర్నాడు పొద్దున్నే, మమ్మల్ని పనికి తీసుకెళ్ళే మేస్త్రికి గోడౌను నుంచి ఫోను వచ్చింది. మేస్త్రి ఆ మాట చెబితే ఆటోలో ఒక్కరూ నోరెత్తలేదు. థూ, ఏం మనుషులం మేము. తన సందు మొదట్లో కోటమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది. ఆటో ఆగలేదు. అంచున కూర్చున్నది నేనే. ఆపమని అనలేదు.