లెక్కలోంచి తీసేసిన బ్యాటరీలు

2008లో ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఒక చిన్న ఆసుపత్రికి సోలార్ వ్యవస్థ డిజైన్ చేసిన సంగతి శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పాను. మొదటి నివేదికలో తప్పు ఎవరిదో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అది నాది.

అప్పుడు నేను నోయిడాలో ఒక కన్సల్టెన్సీలో ప్రాజెక్టు ఇంజినీర్ని. కరెంటు పోయినప్పుడల్లా ఆసుపత్రివాళ్లు డీజిల్ జనరేటర్ వేసేవారు. దాని బదులు సోలార్ మేలేనా అని తేల్చడానికి లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ చేశాం. అంటే ఒక వస్తువు కోసం ఖనిజం తవ్వినప్పటి నుంచి అది పాడై పారేసేదాకా గాలికి, నీటికి, నేలకు జరిగే హానినంతా లెక్కగట్టడం. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. సీసం బ్యాటరీలను నాలుగైదేళ్లకోసారి మార్చాలి. నా కింద కొత్తగా చేరిన జ్యోతి ఆ మార్పిడులన్నీ లెక్కలో వేసింది. దాంతో సోలార్ ఆధిక్యం బాగా తగ్గిపోయింది.

"మొదటి సెట్టు ఒక్కటే ఉంచు" అన్నాను.

"అది తప్పవుతుంది కదా సార్?"

"క్లయింటు అంత లోతుకు చూడరులే."

చూశారు. అక్కడి మేట్రన్ మరియమ్మ గారిది నరసాపురం. సమావేశంలో నివేదిక తిరగేసి, "ఏవండీ, పాతికేళ్లకీ ఇవే బ్యాటరీలాండీ? మా ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ మూడేళ్లకే చచ్చింది. పాత సామాన్లు కొనే కబాడీ భయ్యా దాన్లోని యాసిడ్ మా గుమ్మం ముందు కాలవలోనే ఒంపేసి పోయాడు. ఇక్కడ బాలింతల పక్కన ఒంపిస్తారా?" అని అడిగారు.

మా డైరెక్టర్ నావైపు చూశారు. "జ్యోతి కొత్త. మరిచిపోయినట్టుంది" అన్నాను. జ్యోతి తల వంచుకుంది. మర్నాడే ఆమెను ప్రాజెక్టు నుంచి తీసేశారు. కొన్ని నెలలకు ఉద్యోగమే మానేసింది.

ఆమె మొదట వేసిన లెక్కతోనే డిజైన్ మార్చాను. బ్యాటరీలు కాన్పుల గదికీ, టీకాల ఫ్రిజ్‌కీ మాత్రమే. వేడినీళ్లకు విడిగా సోలార్ హీటర్. పాత బ్యాటరీలను అమ్మిన కంపెనీయే వెనక్కి తీసుకోవాలని ఒప్పందం రాయించాం. అన్నీ లెక్కలో వేసినా ఈసారి సోలారే నెగ్గింది. హానిని దాచకుండా ముందు పెట్టుకుంటేనే డిజైన్ బాగుపడుతుందని ఆ ఆసుపత్రి నాకు నేర్పింది.

జ్యోతి ఇప్పుడు ఢిల్లీలో వసంత్ కుంజ్ దగ్గర విద్యార్థులకు ఇదే పాఠం చెబుతోంది. మొన్న వెళ్లి కలిసి, నా తప్పు ఒప్పుకున్నాను.

"నాకు తెలిసిందే కదా సార్" అంది. "తెలియనిది మరియమ్మ ఆంటీకి. నేను ఒళ్లు దాచుకున్నాననే ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంటారు."

అక్కడే, ఆమె ముందే ఫోన్ చేశాను.

"మరియమ్మ గారూ, ఆ బ్యాటరీలు జ్యోతి మరిచిపోలేదండీ. తను వేస్తే నేనే తీయించాను. అందరి ముందూ నెపం తనమీద పెట్టాను. తప్పయిపోయింది, క్షమించండి. జ్యోతీ, నువ్వు కూడా."