ఖర్జూర తోటలో దొరికిన ముద్ర

1991. గల్ఫ్ యుద్ధం ముగిసి రెండు నెలలైంది. సౌదీ అరేబియాలో, దమ్మాంలోని ఒక పళ్ల ఆసుపత్రిలో నేను డెంటల్ టెక్నీషియన్‌ని. నోటి అచ్చును బట్టి కట్టుడు పళ్లు తయారు చేయడం నా పని. అచ్చుకు సిలికాన్ పుట్టీ వాడతాం. చపాతీ పిండిలా ఉండి, నాలుగైదు నిమిషాల్లో రబ్బరులా బిగుసుకుంటుంది.

రాజన్నది జగిత్యాల వైపు పల్లె. ఖతీఫ్ దగ్గర ఖర్జూర తోటలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాడు. ఇంటికి వెళ్లేలోగా ఊడిన ముందు పళ్లు కట్టించుకోవాలని వచ్చాడు. అచ్చు తీయడం అయ్యాక, మొలతాడుకు కట్టుకున్న రాయి విప్పి నా చేతిలో పెట్టాడు. రూపాయి బిళ్లంత గుండ్రం, వీపు ఉబ్బెత్తు, దారం దూరే బెజ్జం.

“కాలువ తవ్వుతుంటె దొరికింది సార్. సైరన్ మోగినప్పుడల్లా దీన్నే గట్టిగ పట్టుకొని కూసున్న. కింద ఏందో చెక్కిన్రు, సమజైతలేదు. పండ్లకు తీసినట్టె దీనికి గూడ అచ్చు తీయరాదు?”

నవ్వుకుంటూ పుట్టీ కలిపాను. మెల్లగా అద్ది తీస్తే బొమ్మ లేచింది. ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, మధ్యలో కుండ, కుండలోంచి ఇద్దరి నోళ్లకూ పొడవాటి గొట్టాలు.

రాజన్న ముందు పళ్లు లేని నోటితో పగలబడి నవ్వాడు. “కల్లు తాగుతున్నరు సార్! గీ దేశంల!”

ఆ నవ్వు విని వచ్చిన మా ఈజిప్టు డాక్టరు మాత్రం నవ్వలేదు. “ఇది ముద్ర. నాలుగు వేల ఏళ్ల నాటిది కావచ్చు. సరుకు మూటల మీద తడిమట్టి పెట్టి, ఫలానా వాడిదని తెలిసేలా దీంతో అద్దేవారు. దేశం దాటిస్తే జైలే” అన్నారు.

రాజన్న ముఖం పాలిపోయింది. వచ్చే వారమే ఎగ్జిట్, ఉద్యోగం ముగించుకుని ఇంటికి ప్రయాణం. పాస్‌పోర్టేమో తోట యజమాని, అంటే కఫీల్ దగ్గర ఉంది. “చెప్తె దొంగంటడు. మల్ల కాలువలనే పడేస్త సార్.”

“పడేస్తే నీకు మనసొప్పుతుందా రాజన్నా?”

రాయిని మళ్లీ మొలతాడుకు కట్టుకుని వెళ్లిపోయాడు. శనివారం పొద్దున్నే తనే వచ్చాడు. “నడువుండ్రి సార్. మీకు అరబ్బీ మంచిగొస్తది గద.”

కఫీల్ అబూ నాసిర్ ముసలాయన. నేను చెప్పిందంతా విని, ముద్రను వేళ్ల మధ్య చాలాసేపు తిప్పాడు. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“మీరేమంటరో అని బుగులైంది” అన్నాడు రాజన్న. అరబ్బీలోకి నేను మార్చేలోపే అతని గొంతు ముసలాయనకు అర్థమైనట్టుంది. లేచి కారు తాళాలు తీసుకున్నాడు. పోలీసుల దగ్గరికేనని మేమిద్దరం అనుకున్నాం. కారు పురావస్తు కార్యాలయం ముందు ఆగింది.

కనుగొన్నవారి పేరు అన్నచోట గుమాస్తా అబూ నాసిర్ పేరు రాయబోయాడు.

“నేను కాదు, ఇతను. రాజన్న” అని ముసలాయన అక్షరం అక్షరం పలికి రాయించాడు.

రాజన్న కాగితం మీదికి వంగాడు. “సార్, గిది నా పేరేనా?”

చూపించాను. ఆ గీతలను కుడి నుంచి ఎడమకు వేలితో మెల్లగా తడిమాడు. మరుసటి వారం కొత్త పళ్లతో, ముద్రకు తీసిన పుట్టీ అచ్చుతో ఇంటికి వెళ్లాడు.

మా ల్యాబ్‌లో అచ్చులకు నంబర్లే ఉండేవి. ఆ వారం నుంచి నంబరు పక్కన మనిషి పేరు కూడా రాయడం మొదలుపెట్టాను. తెలియకపోతే డాక్టరు గది దాకా వెళ్లి అడిగేవాణ్ణి. తయారుచేసే పన్ను ఎవరి నోట్లో నవ్వబోతోందో తెలిస్తే చెయ్యి ఇంకాస్త జాగ్రత్తగా కదులుతుందని నాకు రాజన్న వల్లే తెలిసింది.