అలారం లేని ఇల్లు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, నెమ్మదిగా చెప్తాను. ఈ పొద్దున కోడలు బీరువా తాళాలగుత్తి నా చేతికిచ్చి అంగడికి పోయింది. ఇనుము వాసన అరచేతికి అంటుకుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు వసంతక్క గుర్తొస్తుంది. తొంభైలలో మేము సౌకార్‌పేటలో, కింద గిడ్డంగి ఉన్న ఇంట్లో మొదటి అంతస్తులో ఉండేవాళ్ళం. పై గదిలో అద్దెకుండేది ఆమె. ఆస్పత్రిలో గుండె గీతలు తీసే ఇ.సి.జి. మిషను పని ఆమెది. నేను ఐదో క్లాసుతో చదువు ఆపినదాన్ని. నా గుండెలో ఏం జరుగుతుందో నాకు నేర్పింది ఆమే.

నా కూతురు సుజాతకు అప్పుడు పదేళ్ళు. స్కూలుకు లేవాలని దాని తల దగ్గర అలారం పెట్టేదాన్ని. కొన్ని రోజులు అది మోగగానే ఉలిక్కిపడి లేచి, కళ్ళు తేలేసి పడిపోయేది. కాళ్ళూ చేతులూ కొట్టుకునేవి. మా అత్తగారు పరుగున వచ్చి నడుమున ఉన్న తాళాలగుత్తి తీసి దాని గుప్పిట్లో బిగించేది. నిమిషంలో పిల్ల కళ్ళు తెరిచేది. "చూసినావా, ఇనుము పడితే ఫిట్సు ఆడనే ఆగిపోతుంది" అనేది. మేమూ అదే నమ్మాం. వీధి చివరి డాక్టరు రాసిన ఫిట్సు మాత్రలు ఏడాది మింగించినా, పడిపోవడం మాత్రం మానలేదు.

ఒకనాడు వసంతక్క నీళ్ళ కోసం బిందెతో మెట్లు దిగుతుంటే నా కేక వినపడింది. బిందె అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. "తాళాలు పక్కన పెట్టత్తా, ముందు నన్ను చూడనీ" అంటూ పిల్ల మెడ మీద వేళ్ళు ఆనించింది. ఆమె ముఖం తెల్లబోయింది. ఛాతీ మీద చెయ్యి వెయ్యబోతుండగా సుజాత ఊపిరి పీల్చింది. "ఇప్పుడు నాడి అందలేదు, తెలుసునా? ఇది ఫిట్సు కాదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటాంది" అంది. మా అత్తగారికి కోపం వచ్చింది. "ఏందమ్మా, గీతలు చూసి జాతకం చెప్తావా?" అంది. "చెప్తా అత్తా. నేను చెప్పే జాతకం గుండే రాస్తుంది, నేను చదువుతా, అంతే" అంది వసంతక్క.

మరునాడే ఆస్పత్రికి పోయాం. ఆమె తీసిన కాగితాన్ని పెద్ద డాక్టరు చూసి చాలాసేపు మాట్లాడాడు. నాకేమీ అర్థం కాలేదు. బయటి బెంచీ మీద కూర్చోబెట్టి వసంతక్క తన భాషలో చెప్పింది. "మన వీధికి సరుకు బండి వస్తుందా? అది దించేసి బయటికి పోతేనే గదా ఇంకో బండి లోపలికొచ్చేది. గుండె ఒక దెబ్బ కొట్టినాక పొటాషియం అనే ఉప్పు కణాల్లో నుంచి బయటికి పోవాల. దానికి చిన్న చిన్న వాకిళ్ళు ఉంటాయి. నీ బిడ్డకు ఆ వాకిళ్ళు సరిగా పని చేయవు. ఉప్పు పోవడం ఆలస్యమైతాంది. ఆ సందులో అలారం మోగి గుండె ఉలిక్కిపడిందనుకో, బండ్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడతాయి." నేను నోరు తెరుచుకుని విన్నాను. "మరి తాళాలు పెడితే లేస్తుంది గదక్కా?" అన్నాను. "ఇన్నిసార్లు గుండె దానంతట అదే సర్దుకుంది. పేరు మీ అత్త గుత్తి కొట్టేసింది. ఒకరోజు సర్దుకోకపోతే?"

తర్వాత అడిగింది, మా ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా పోయారా అని. నా చెల్లెలి సంగతి చెప్పాను. దానికి పద్నాలుగేళ్ళప్పుడు, దీపావళి తెల్లవారుజామున నిద్రలో ఉండగా వాకిట్లో టపాసు పేలింది. లేచి కూర్చుని మళ్ళీ వాలిపోయింది. దిష్టి అన్నారు. వసంతక్క నా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. "నువ్వూ పడుకో." "నాకేం లేదక్కా!" "పడుకోవే. ఏడ్చేది తర్వాత ఏడువు, ఇప్పుడు వణికితే గీత పాడైపోతుంది." మిషను చప్పుడు చేస్తూ కాగితం కక్కింది. నా కాగితం, పిల్ల కాగితం పక్కపక్కన పెట్టింది. పెద్దగా చదువుకోని నాకు కూడా తెలిసింది, రెండింటిలోనూ అదే సాగిపోయిన గీత. నా బిడ్డకు నేనే ఇచ్చానని కుమిలిపోతుంటే, "నీ చెల్లెలికి ఎవరూ గీత తీయలేదు. నీ బిడ్డకు తీసినాం. ఆ తేడా చాలదా నీకు?" అంది.

ఇద్దరికీ రోజూ వేసుకునే మాత్ర రాశారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోతుంది, వెంటనే రావాలన్నారు. ఆ గీతను ఇంకా సాగదీసే, మేము తాకకూడని మందుల పేర్లు వసంతక్క తెలుగులో రాసిచ్చింది. అలారాన్ని మా అత్తగారే పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. ఫోను మీద దుప్పటి కప్పింది. పొద్దున్నే హారన్ కొట్టే బండివాళ్ళ మీదికి మెట్లు దిగి పోయేది. "నిద్రలో బిడ్డ ఉందిరా, కొట్టినావంటే నీ హారన్ పీకేస్తా!" ఆ తాళాలగుత్తి మళ్ళీ బీరువా తెరవడానికి మాత్రమే వాడింది. పడిపోవడాలు ఆగిపోయాయి.

సుజాతకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చిన్నవాడికీ అదే గీత ఉంది, పుట్టిన నెలలోనే తీయించాం. వసంతక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆమె రాసిన కాగితం మడతల దగ్గర చిరిగితే ప్లాస్టిక్ వేయించి పర్సులో పెట్టుకున్నాను. మా ఇంట్లో ఎవరినీ గొంతెత్తి లేపము. ఆమె నేర్పినట్టే పాదం మీద చెయ్యి వేసి, అది వెచ్చబడే దాకా నిమురుతాం. మనవడు ఒక కన్ను తెరిచి, "ఇంకొంచెం సేపు అమ్మమ్మా" అంటాడు. సరే అంటాను.

మీ ఇళ్ళలో కూడా పొద్దు అంత మెత్తగా రావాలి తల్లీ. మీరు నిద్ర లేపిన ప్రతి బిడ్డా కళ్ళు తెరిచి మిమ్మల్ని చూసి నవ్వాలి.