పాయింటు పన్నెండు

2004 ఏప్రిల్లో తిరువూరులో బోరు మోటార్లకు షాఫ్టులు చేసే వర్క్‌షాపులో నేను ఫోర్‌మన్‌ని. ఆ నెల నాకు అప్పగించిన పని, మా పాత సీఎన్‌సీ లేతుకు కొత్త మోటార్లు, కొత్త కంట్రోలు పెట్టించడం. సీఎన్‌సీ అంటే మనం రాసిచ్చిన అంకెల ప్రకారం తనంతట తాను ఇనుము కోసే యంత్రం. దాని ఒళ్లు గట్టిదే, బుర్రే పాడయింది. కంట్రోలులో కార్డు కాలితే ఎక్కడా దొరికేది కాదు.

యజమాని శేషగిరిరావు గారిది వినగడప, మామిడితోటల కుటుంబం. ఆయన ముందే తేల్చేశారు. "శనివారానికి షాఫ్టు సరైన సైజులో రాకపోతే తూకానికి అమ్మేస్తాను వెంకటేశ్వర్లూ. మళ్లీ నన్నడగొద్దు." లేతు పోతే నేనూ ఇంటికే. యాభై రెండేళ్లవాణ్ణి, ఇంకో పని తెలియదు.

విజయవాడ నుంచి మాధవి అనే ఇంజనీరు వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. పాత మోటార్లు ఊడదీసి సర్వో మోటార్లు బిగించింది. ఎంత తిరిగాయో అవే కొలిచి కంట్రోలుకు చెబుతాయి. కంట్రోలు స్థానంలో ఒక కంప్యూటరు, అందులో సాఫ్ట్‌వేరు. తర్వాత వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపే డయల్ గేజి పెట్టి బ్యాక్‌లాష్ కొలిచింది. ఇనుము కోసే టూలును ముందుకీ వెనక్కీ నడిపే స్క్రూ అరిగితే, దిశ మార్చినప్పుడు అది కాస్త ఉత్తినే తిరుగుతుంది, టూలు కదలదు. ఆ ఉత్త తిరుగుడే బ్యాక్‌లాష్. అదెంతో సాఫ్ట్‌వేరుకు చెబితే అంత ఎక్కువ తిప్పి సరిచేసుకుంటుంది. మా పాత కంట్రోలులో ఆ ఏర్పాటు పనిచేసేది కాదు.

నా పాత ప్రోగ్రాములన్నీ ఎక్కించి బుధవారం మొదటి షాఫ్టు తీశాం. బేరింగు కూర్చునే చోట పాయింటు పన్నెండు, అంటే మిల్లీమీటరును వంద చేస్తే అందులో పన్నెండు వంతులు, లావుగా వచ్చింది. బేరింగు ఎక్కలేదు. రెండోదీ అంతే.

"బుర్ర పాడైనా దీని సైజు ఎప్పుడూ పోలేదు. నువ్వు చెయ్యి పెట్టాక అదీ పోయింది," అన్నాను.

"అలిగిందేమో బాబాయ్ గారూ, మీరే బుజ్జగించండి," అంది.

శేషగిరిరావు గారు లేతుకు నిమ్మకాయ కట్టించారు. ఆ అమ్మాయి దాన్ని చూసి, "దీనికీ డయల్ గేజి పెట్టనా?" అంది. నాకు నవ్వు రాలేదు.

గురువారమంతా మోటార్లనూ స్క్రూలనూ కలిపే కప్లింగులు విప్పి బిగించింది. శుక్రవారం అదే షాఫ్టుకు తానే చిన్న ప్రోగ్రాము రాసి కోయించింది. సైజు అచ్చంగా వచ్చింది. అప్పుడు నా ప్రోగ్రాము ముందేసుకుని వరస వరసా చదివింది.

"డ్రాయింగులో ముప్పై ఉంది. ఇక్కడ ముప్పై పాయింటు పన్నెండు ఉంది. ఎవరు కలిపారండీ?"

యజమాని పక్కనే ఉన్నారు. నాకు అప్పుడు వెలిగింది. స్క్రూ అరిగి సైజు తగ్గుతున్న రోజుల్లో, టూలు వెనక్కి మళ్లే ప్రతిచోటా నేనే కలిపి రాసుకున్నాను. అరుగుదల పెరిగేకొద్దీ అంకె పెంచాను. ఎవరికీ చెప్పలేదు. వెంకటేశ్వర్లు లేకపోతే ఆ లేతు సైజివ్వదని షాపులో అనుకుంటుంటే వినడానికి బాగుండేది. ముప్పై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినవాణ్ణి, నాకున్న గొప్ప అదొక్కటే. ఇప్పుడు నేను కలిపిందీ, సాఫ్ట్‌వేరు కలిపిందీ రెండూ పడుతున్నాయి. తెలియదంటే తప్పు ఆ అమ్మాయి మీదికి పోతుంది, లేతు తూకానికి పోతుంది.

"నేనేనమ్మా. నలభై ప్రోగ్రాముల్లోనూ ఉంది."

"బుధవారమే చెబితే నా గోళ్లన్నా మిగిలేవి కదా బాబాయ్ గారూ!"

శేషగిరిరావు గారు నా వంక చూసి, "లేతు ముసలిదైందనుకున్నాను. అయింది నువ్వన్నమాట," అన్నారు.

సాఫ్ట్‌వేరులోదే తీసేస్తే పోలేదా అని అడిగాను. "స్క్రూ ఇంకా అరుగుతుంది. అప్పుడు నలభై చోట్ల మారుస్తారా, ఒక్కచోట మారుస్తారా?" అంది. నలభై ప్రోగ్రాములూ బయటికి తీశాను. నేను చదువుతుంటే తను దిద్దింది. శనివారం పదింటికి బేరింగు చేత్తో నొక్కితే కూర్చుంది.

సోమవారం ఒక నోటుపుస్తకం కొని లేతుకు వేలాడదీశాను. ఏ రోజు ఏం మార్చాం, ఎందుకు మార్చాం, నా వంకర అక్షరాలతోనే రాశాను. చెప్పకుండా చేసిన మరమ్మతు తర్వాతివాడికి కొత్త జబ్బు. నేర్చుకున్నది అంతే.

ఆరేళ్లకు నేను రిటైరయ్యాను. ఆ లేతు సైజు గురించి అడగడానికి మా ఇంటికి ఎవరూ రాలేదు. పుస్తకం సరిపోయింది.