నేనడిగినా చెప్పొద్దు

మా కంపెనీ మమ్మల్ని సంతోషపెట్టాలని నిర్ణయించుకున్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

నేను ప్రొద్దుటూరులో బీమా ఏజెంటును. నా కూతురు పుట్టకముందే ఈ పనిలో దిగాను. ఇప్పుడు ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. ఊళ్ళు తిరగడం, కట్టండి కట్టండని జనం వెంట పడడం, వాళ్ళిచ్చింది తెచ్చి కౌంటరులో కట్టి రసీదు పట్టుకుపోయి ఇవ్వడం, ఇదే నా బతుకు. పుట్టుకతోనే పిరికిదాన్ని. కుక్క మొరిగితే వీధి మారుస్తాను. బస్సు మలుపు తిరిగితే ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంటాను. పిరికివాళ్ళకు బీమా అమ్మడం బాగా వస్తుంది లెండి. ఎదుటివాళ్ళు దేనికి భయపడుతున్నారో మనకు అడక్కుండానే తెలిసిపోతుంది.

ఏజెంట్లు ఒక్కొక్కరే వేరే కంపెనీలకు జారుకుంటున్నారని మా పెద్దలకు బెంగ పట్టుకుంది. నాతోపాటు పని మొదలుపెట్టిన పులివెందుల ఆమె కూడా వెళ్ళిపోయింది. దాంతో ఒకరోజు మమ్మల్నందరినీ హోటలు హాలుకు పిలిచి, బిర్యానీ పెట్టించి, తెర మీద కొత్త యాప్ చూపించారు. విజయవాడ నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన మైకు పట్టుకున్నాడు.

"ఇకనుంచి మీరు కౌంటర్లో లైను కట్టక్కర్లేదండీ. అంతా మీ ఫోనులోనే అయిపోద్ది. పాలసీదారుడి ఫోనుకి ఓటీపీ వెళ్తుంది. ఆయన ఆ నెంబరు మీకు చెప్తాడు, మీరు కొడతారు, ప్రీమియం కట్టేసినట్టే. మీ సంతోషమే మా సంతోషమండీ!"

పని ముగియగానే యాప్‌లో ఐదు బొమ్మ మొహాలు వస్తాయట, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా. మేమెంత సంతోషంగా ఉన్నామో ఒకటి నొక్కి చెప్పాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం బిర్యానీ ప్లేటు పక్కకు జరిపాను. పాలసీదారులు నెంబరు చెప్పాలా? నాకు చెప్పాలా?

అంతకుముందు ఏడాది జమ్మలమడుగులో నా దగ్గర పాలసీ ఉన్న ఒకామెకు బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోను చేశారు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఫోనుకొచ్చిన నెంబరు ఆమె చెప్పింది. ఆయన ఎండలో పడి సంపాదించిందంతా ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చుకుపోయింది. ఆమె గోడకు తల బాదుకుంటుంటే నేనూ పక్కింటామే కలిసి పట్టుకున్నా ఆగలేదు. ఆ భయం నాకు ఒళ్ళంతా పాకింది. ఆనాటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు అదే పాట పాడాను. ఫోనుకొచ్చే నెంబరు ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకువాళ్ళమన్నా చెప్పొద్దు, నేనడిగినా చెప్పొద్దు. ఊరికే చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఒట్టు కూడా పెట్టించాను. మా వైపు ఒట్టంటే ఆషామాషీ కాదు. బిడ్డ నెత్తిన చెయ్యిపెట్టి ఒక మాటన్నారంటే ఇక ప్రాణం పోయినా తప్పరు.

అట్లా ఒట్టు వేసినవాళ్ళలో పెద్దముడియం దగ్గరి ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే ముసలామె ఒకరు. ఆమె పేరు నా ఫోనులో 'గొర్రెలామె' అనే ఉంటుంది. ఆమె కొడుకుది నాపరాళ్ళ గనిలో రాయి కోసే మిషను మీద పని. పాలసీ అతని పేరు మీదిది. ఆ రోజు అతను నడవలో కూర్చొని సంగటి తింటున్నాడు. తల్లి అతని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేస్తుంటే, "పేలుండాయేమో చూడు మా, పనిలో పని" అని నవ్వాడు.

ఆ నవ్వు తర్వాత దగ్గుగా మారింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. మనిషిని ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. భార్య పక్కనే ఉంది. గొర్రెలను వదిలి రాలేక తల్లి పల్లెలోనే ఉండిపోయింది. అతని ఫోను కూడా ఇంట్లో ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఈ హడావుడిలో వాళ్ళు ఆ విడత ప్రీమియం సంగతే మరచిపోయారు. గడువు చివరి రోజు పొద్దున నేనే గుర్తు తెచ్చుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. అతని భార్య కొంగుముడి విప్పి కట్టవలసింది నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రంలోగా కట్టకపోతే పాలసీ రద్దవుతుంది. తిరిగి బతికించాలంటే కొత్తగా డాక్టరు పరీక్ష జరగాలి. ఆ ఊపిరితిత్తులతో అతను ఏ పరీక్ష నెగ్గుతాడు? వాళ్ళకు ఇద్దరు చిన్న పిల్లలు. వెనుకటి రోజులైతే రెండు వీధులు నడిచి కౌంటరులో కట్టేసేదాన్ని. మా సంతోషం కోసం ఆ కౌంటరునే ఎత్తేశారు కదా. యాప్ తెరిచి నొక్కాను. నెంబరు పల్లెలో ఉన్న ఫోనుకు వెళ్ళింది.

ముసలామెకు ఫోను చేశాను. సంగతి చెప్పి, పక్కింటివాళ్ళతో ఆ నెంబరు చదివించి చెప్పమన్నాను. అటునుంచి గొర్రెలు అరుస్తున్నాయి.

"ఎవరు నువ్వు?" అంది.

"నేనే మా, ప్రొద్దుటూరు ఇన్సూరెన్సామెను."

"కాదు. ఆయమ్మ గొంతుతో మాట్లాడతాండావు. ఆయమ్మయితే అడగదు. నేనడిగినా చెప్పొద్దని నా కొడుకు నెత్తిన ఒట్టు పెట్టించిపాయ. పెట్టేయ్ ఫోను, దొంగముండా!"

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కోడలు చేసినా ఎత్తలేదు. ఆస్పత్రి మెట్లు దిగి బస్టాండు దారి పట్టాను. నేను నేర్పిన పాఠాన్నే ఆమె అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతోంది, ఎవరిని తిట్టను?

జమ్మలమడుగు బస్సెక్కాను. దారి పొడుగునా ఫోనులో టైము చూసుకుంటూనే ఉన్నాను. ఆ మధ్యలోనే పులివెందుల ఆమె ఫోను చేసింది.

"ఇంగా ఆ కంపెనీనే పట్టుకోని ఏలాడతాండావా అక్కా? ఈడికి రా. ఈడ యాప్ శానా బాగుంది. ఏమీ తలనొప్పి ల్యా."

"నాకు తలనొప్పి కాదు తల్లీ, గుండెనొప్పి వచ్చేట్టుంది" అని పెట్టేశాను. జమ్మలమడుగులో షేర్ ఆటో నిండేదాకా కదలనన్నాడు డ్రైవరు. మిగిలిన సీట్లకూ నేనే ఇస్తాను, కదులు నాయనా అని బతిమాలాను. దారిలో శనగ చేలు, నల్లరేగడి, దూరంగా రాళ్ళు కోసే మిషన్ల దగ్గర తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము చూస్తే నాకే ఊపిరాడలేదు.

నేను వెళ్ళేసరికి ముసలామె దొడ్లో గొర్రెపిల్లకు పాలు పడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. మొహంలో వెలుగు రాలేదు, భయం వచ్చింది.

"నువ్వేనా పొద్దున మాట్లాడింది?"

"నేనే మా. ఒట్టు నేనే పెట్టించినా, నేనే అడుగుతాండా. చెప్పు మా, నీకు పుణ్యముంటాది. పొద్దు వాలితే పాలసీ పోతాది."

"పోతే పోనీ. వాడు ఆడ గొట్టాలు పెట్టుకోని పండుకోనుండాడు. ఇప్పుడు నేను ఒట్టు తప్పితే వానికేమయితాది? నువ్వుంటావా అడ్డం?"

"చెప్పొద్దులే మా. ఫోను చూపించు, నేనే చదువుకుంటా."

"చూపిచ్చేదీ చెప్పేదీ ఒగటే. ఒట్టుకు సందులుండవు."

ఫోను రొంటిన దోపుకుంది. నాకు కోపం వచ్చింది, కోపం కింద భయం. ఆమె భయపడుతున్నది అతనికోసమే, నేను భయపడుతున్నదీ అతనికోసమే. ఆ దొడ్లో ఇద్దరు ఆడవాళ్ళం ఒకే మనిషి కోసం పోట్లాడుకుంటున్నాం. ఒక్కసారి రొంటిన ఉన్న ఫోను లాక్కుందామా అనిపించింది. నా చెయ్యి ముందుకు పోయింది కూడా. ఆమె కళ్ళు చూసి వెనక్కి తీసుకున్నాను. అటు పొద్దు వాలుతోంది.

"నువ్వు పెట్టించిన ఒట్టే గదా, నేను తీసేస్తాండా పో" అన్నాను చివరికి.

"నీదెట్లయితాది? వాని నెత్తిన పెట్టింది వాడు తీయాల."

అంతే, నాకు దారి దొరికింది. ఆస్పత్రిలో ఉన్న కోడలికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. సంగతి రెండు ముక్కల్లో చెప్పి, మాస్కు కాస్త జరిపి ఆయన నోటి దగ్గర ఫోను పెట్టమన్నాను. ఆ పిల్ల వద్దు వద్దంటూనే పెట్టింది.

మొదట మాట రాలేదు. ఊపిరి వచ్చింది. ఎంత ఊదినా నిప్పు రాజుకోని పొయ్యి దగ్గర ఉన్నట్టు, బుస్సుమంటూ, ఆగుతూ. కొడుకు బాగానే ఉన్నాడు, రెండు రోజుల్లో వచ్చేస్తాడు అని అప్పటిదాకా కోడలు చెబుతూ వచ్చింది. అతను ఎట్లా ఊపిరి తీస్తున్నాడో ముసలామె అప్పుడే మొదటిసారి విన్నది. గొర్రెపిల్ల పాలసీసా ఆమె చేతిలోంచి జారింది.

"మా..." అన్నాడు. ఆగాడు. "నా నెత్తిన... ఒట్టు... తీసి..." మళ్ళీ ఆగాడు. "గట్టున పెట్టినా. చెప్పు మా."

చిన్నప్పుడు మనమందరం ఆటల్లో అన్న మాటే. ఒట్టు తీసి గట్టున పెట్టు. నవ్వుతూ అనే ఆ మాటను అతను ఊపిరి కూడదీసుకుని అన్నాడు.

ముసలామె రొంటిన ఉన్న ఫోను తీసి నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగింది. పొద్దుటి నెంబరు ఎప్పుడో చెల్లకుండా పోయింది. మళ్ళీ నొక్కాను. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. నెంబరు వచ్చింది. వేళ్ళు తడబడి ఒకసారి తప్పు కొట్టాను, మళ్ళీ కొట్టాను. 'ధన్యవాదాలు' అని పడింది. కట్టడం అయిపోయింది. వెంటనే ఐదు మొహాలు వచ్చాయి. మీరు ఎంత సంతోషంగా ఉన్నారు? ఏ మొహమూ నొక్కకుండా ఫోను సంచిలో పడేశాను.

"అయిపాయెనా?" అంది ముసలామె, తిరగకుండానే.

"అయిపాయ మా."

"ఇప్పుడు నువ్వు పెట్టు ఒట్టు."

"ఏమని మా?"

"ఆ దుడ్లు తీసుకోని నా గడప తొక్కనని. నీ బిడ్డ నెత్తిన."

నా పనే అది. పాలసీదారుడు పోతే ఆ ఇంటి గడప తొక్కి ఆ డబ్బు చేతిలో పెట్టడానికే ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాను. ఆ పని చేయనని ఒట్టు పెట్టమంటోంది. నేను రాకూడదంటే ఆమె కొడుకు బతకాలి. ఆమె అడిగింది అదే. నా కూతురు ప్రొద్దుటూరులో ఉంది, గాలిలో చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. వేసిన మరుక్షణం నుంచి ఆ చెయ్యి నాది కానట్టు ఉంది. ఇంటికి వెళ్ళి నిద్రపోతున్న నా కూతురి తల నిమురుతుంటే, "ఏందిమా, జ్వరమా నాకు?" అని లేచి కూర్చుంది. ఏమీ లేదు పడుకో అన్నాను.

తర్వాతి మీటింగులో ఆ విజయవాడ ఆఫీసరు, కొత్త యాప్‌తో ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పమన్నాడు. నేను లేచాను. మైకు ముందు ఎప్పుడూ నిలబడని దాన్ని.

"మాకు సంతోషం వద్దప్పా. మేం జనానికిచ్చిన మాట మా చేతనే తప్పించే యాప్ వద్దు. వాళ్ళ నెంబరు వాళ్ళ నోట చెప్పించకుండా, వాళ్ళే వాళ్ళ ఫోనులో సరే అని నొక్కేట్టు చెయ్యండి. ముసలోళ్ళకు తెలుగులో గొంతు వినిపించేట్టు చెయ్యండి. ఒక్క కౌంటరన్నా తెరిచిపెట్టండి."

"మంచి సలహా అండీ, చూస్తాం" అని రాసుకున్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నారు. ఈలోగా ఐదు మొహాలు తీసేసి ఐదు నక్షత్రాలు పెట్టారు.

పులివెందుల ఆమెకు ఇదంతా చెబితే తేలిగ్గా తీసేసింది. "మా కంపెనీకి వచ్చేయ్ అక్కా. ఆ పాలసీ ఇంగొకరికి పోతాది, నీ ఒట్టూ పోతాది." నిజమే. నేను వెళ్ళిపోతే ఆ పాలసీ ఎవరో ముక్కూమొహం తెలియనివారి చేతికి పోతుంది. వాళ్ళు గడువు రోజున ఆస్పత్రికి పరుగెత్తరు. అవసరమైనప్పుడు మాత్రం ఆ గడప నిస్సంకోచంగా తొక్కుతారు. అందుకే వెళ్ళలేదు. కంపెనీవాళ్ళు అది తమ యాప్ గొప్పతనమనుకుంటున్నారు.

అతను ఇంటికి వచ్చాడు. మంచం పక్కనే సిలిండరు. గనికి పోడు, నీడపట్టున కూర్చుంటాడు. ఫోను మీద 'గొర్రెలామె' అని కనిపించినప్పుడల్లా ఎత్తకుండా ఉందామనిపిస్తుంది, ఎత్తకపోతే ఇంకా భయం.

మొన్న మళ్ళీ ప్రీమియం వేళయింది. యాప్‌లో నొక్కి కూర్చున్నాను. ఫోను మోగింది. చాలాసేపు మోగనిచ్చి ఎత్తాను.

"ఏంది మా, ఎత్తవు? నెంబరొచ్చింది. వాడే చెప్తాడంట, రాసుకో" అంది ముసలామె.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఒక అంకె. ఆ తర్వాత ఊపిరి. ఇంకో అంకె. మళ్ళీ ఊపిరి. నేను అంకెలు రాస్తూనే ఉన్నాను కానీ వింటున్నది మధ్యలోని ఊపిరిని. పోయిన విడత ఆస్పత్రిలోంచి విన్నదాని కంటే ఈసారి ఆ ఊపిరి ఎక్కువసేపు పట్టింది.

"రాసుకుంటివా అక్కా?" అన్నాడు చివర.

"రాసుకున్న్యా నాయనా" అన్నాను. నా చెయ్యి అప్పటికే పక్కన కూర్చొని చదువుకుంటున్న నా కూతురి తల మీద ఉంది.